గొట్టం దగ్గర నిలబడినవాడి సంగతి

ఓడ ఎక్కిన కొత్త ఇంజినీరు కుర్రాళ్లకు సీనియర్లు తప్పకుండా చెప్పే మాట ఒకటి ఉంది: బంకర్ ఆయిల్‌లో, అంటే ఓడకు ఇంధనంగా నింపే చమురులో, వెలుగుతున్న అగ్గిపుల్ల పడేస్తే పుల్లే ఆరిపోతుంది గాని చమురు అంటుకోదు. మాట అబద్ధమేమీ కాదు. చల్లారి తారులా చిక్కబడిన ఆ నల్లటి చమురు అంత సులువుగా అంటుకోదు. నేనూ ఆ మాటను నమ్మాను, చాలా ఏళ్లు నా తరవాత వచ్చినవాళ్లకు చెప్పాను కూడా. ఇప్పుడు మాత్రం, అది సగం నిజం కావడమే దాని ప్రమాదమని అనుకుంటున్నాను. బ్రిటిష్‌వాళ్లు తమ వలస రేవుల్లో చమురుకు, ఓడలకు చమురు నింపే పనికి సంబంధించి రాసుకున్న నిబంధనలను తీరిగ్గా చదివితే, వాటి పునాదిలో ఉన్నది కూడా ఈ అగ్గిపుల్ల మాటేనని తెలుస్తుంది. ఆ నిబంధనలు చమురును కొలిచాయి, దాన్ని ఊరికి ఎంత దూరంలో ఉంచాలో నిర్ణయించాయి. చమురు పారే గొట్టం పక్కన నిలబడిన మనిషిని మాత్రం చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

కొలతతో మొదలుపెడతాను. ఫ్లాష్ పాయింట్ అనే మాట మా వృత్తిలో రోజూ నలుగుతుంది. దాన్ని చూడడానికి ఫ్రెడరిక్ ఏబెల్ అనే రసాయన శాస్త్రవేత్త రూపొందించిన పరికరం చూడడానికి చాలా చిన్నది. మూత ఉన్న ఒక ఇత్తడి గిన్నెలో కాస్త చమురు పోసి, చుట్టూ ఉన్న నీటిని మెల్లగా వేడిచేస్తూ, ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా మూతలోని కిటికీ తెరిచి చిన్న మంటను లోపలికి వంచుతారు. ఒకానొక వేడి దగ్గర గిన్నెలో నీలిరంగు మెరుపు ఒకటి గప్పున వచ్చి పోతుంది. అక్కడ ఉష్ణమాపిలో కనిపించే అంకే ఆ చమురు ఫ్లాష్ పాయింట్. 1879లో బ్రిటిష్ పార్లమెంటు ఈ పరీక్షను చట్టంలో పెట్టి, 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను గీతగా నిర్ణయించింది. గీతకు కింద మెరిసేది ప్రమాదకరం, పైన మెరిసేది కాదు. మన దేశంలో 1934 నాటి పెట్రోలియం చట్టం ఆ గీతను 76 డిగ్రీల దగ్గర పెట్టింది. సెల్సియస్‌లో చెప్పాలంటే సుమారు ఇరవై నాలుగున్నర.

ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. లండన్‌లో ఇరవై నాలుగున్నర డిగ్రీలంటే ఎండాకాలపు మంచి మధ్యాహ్నం. మద్రాసులోనో విశాఖపట్నంలోనో వేసవి రాత్రి రెండు గంటలకు కూడా గాలి అంతకంటే వేడిగానే ఉంటుంది. అంటే 76కు కాస్త పైన మెరిసే కిరసనాయిలు కాగితం మీద ప్రమాదకరం కాని సరుకు, మే నెలలో రేకుల షెడ్డులో మాత్రం గడప దాటి వచ్చేసిన సరుకు. పాలకులకు ఇది తెలియదని నేననను. చమురు వ్యాపారానికీ పన్నుల లెక్కకూ ఒక గీత కావాలి, గీశారు. అయితే చట్టంలో ఒకసారి ‘ప్రమాదకరం కాదు’ అనే మాట పడ్డాక, గుమాస్తా దగ్గర్నుంచి కూలీల మేస్త్రీ దాకా అందరి నోటా అది ‘ప్రమాదం లేదు’ అనే మాటగా మారిపోతుంది. రెండూ ఒకటి కావు.

ఓడలు బొగ్గు మాని చమురుకు మారినప్పుడు ఈ నమ్మకం ఇంకా గట్టిపడింది, ఎందుకంటే ఓడల బాయిలర్లలో మండించే చమురు ఫ్లాష్ పాయింట్ చాలా ఎక్కువ. వాణిజ్య ఓడలకు, వాటి నాణ్యతను తనిఖీ చేసే లాయిడ్స్ రిజిస్టర్ సంస్థ కోరినది 150 డిగ్రీల ఫారెన్‌హీట్. గుళ్ల దెబ్బ తినే యుద్ధనౌకలకు బ్రిటిష్ నౌకాదళం 175 అడిగింది. 76 గీతతో పోల్చితే ఇవి ఎక్కడో ఆకాశంలో ఉన్నట్టు. పైగా బొగ్గు నింపడమంటే వందలాది కూలీలు గంపలు మోసుకుంటూ పలకల మీద పరుగెత్తడం, ఓడంతా నల్లటి దుమ్ము కమ్మడం. సింగపూర్, ఏడెన్, కొలంబో రేవులన్నిటి జీవితమూ ఒకప్పుడు ఆ గంపల మీదే నడిచింది. చమురు వచ్చాక ఆ సందడి స్థానంలో ఒక గొట్టం, దాని చివర ఇద్దరు ముగ్గురు మనుషులు మిగిలారు. శుభ్రంగా, నిశ్శబ్దంగా జరిగిపోయే పని. చూసేవాడికి భయం వేయదు. భయం వేయని చోట నియమం సన్నబడుతుంది.

కొలత తరవాతి ఆయుధం దూరం. ఈ విషయంలో వలస ప్రభుత్వాలను మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి. మార్కస్ శామ్యూల్ అనే లండన్ వర్తకుడు రష్యా కిరసనాయిలును డబ్బాల్లో కాకుండా ఓడ కడుపులోనే నింపి తూర్పు దేశాలకు పంపాలని సంకల్పించాడు. అంతకు ముందు కిరసనాయిలు చెక్కపెట్టెకు రెండు డబ్బాల చొప్పున వచ్చేది. మన ఇళ్లలో నీళ్లు మోయడానికి, బియ్యం దాచడానికి, చివరికి పైకప్పు మీద రేకుగా పరచడానికి తరాల తరబడి పనికొచ్చిన కిరసనాయిలు డబ్బా అదే. శామ్యూల్ మనుషులు సింగపూర్‌లో చమురు తొట్లు కట్టుకోవడానికి అనుమతి అడిగితే, ప్రధాన ద్వీపం మీద అంత చమురు ఒకచోట నిల్వచేయడానికి వీల్లేదని వలస ప్రభుత్వం చెప్పింది. దాంతో వాళ్లు 1891లో దక్షిణాన సముద్రంలో ఉన్న పులావ్ బుకోం అనే చిన్న దీవికి పోయారు. పూర్వం ఓడలు అక్కడ మంచినీళ్లు పట్టుకునేవి గనక ఇంగ్లిషువాళ్లు దాన్ని మంచినీళ్ల దీవి అనేవారు. 1892 ఆగస్టులో శామ్యూల్ ట్యాంకర్ మ్యూరెక్స్ సూయెజ్ కాలువ దాటి తూర్పుకు వచ్చింది. ఓడ నిర్మాణం గురించి కాలువ కంపెనీ పెట్టిన కఠినమైన షరతులన్నీ తీర్చాకే దానికి దారి దొరికింది. శామ్యూల్ వ్యాపారమే తరవాత షెల్ అయింది, ఆ మంచినీళ్ల దీవి ఆసియాలోని పెద్ద చమురు కేంద్రాల్లో ఒకటయింది.

ఊరికి దూరంగా, మధ్యలో నీళ్లు అడ్డుండేలా తొట్లు పెట్టించడం తెలివైన నిర్ణయం. ఆ విలువ విశాఖపట్నంవాడిగా నాకు బాగా తెలుసు. 1933లో తెరిచిన మా రేవు కొండల మధ్య లోపలికి చొచ్చుకొచ్చిన రేవు. స్వాతంత్ర్యం తరవాత, 1957లో చమురు శుద్ధి కర్మాగారం దాని పక్కనే, మల్కాపురం ఇళ్లకు ఆనుకుని వచ్చింది. 1997 సెప్టెంబరు 14 తెల్లవారి, ఓడ నుంచి గ్యాస్ దించుకుంటున్న సమయంలో లీకై అంటుకున్న మంటల్లో పదుల సంఖ్యలో మనుషులు పోయారు, పొగ చూసి ఊరు ఊరంతా కదిలి రోడ్లెక్కింది. దూరం అనే పాఠాన్ని వలస పాలకుల నుంచి నేర్చుకోవలసిన చోట మనం నేర్చుకోలేదు. ఇది ఒప్పుకున్నాకే నా అసలు ఫిర్యాదు చెబుతాను.

దూరం ఎవరికి? బుకోం ఊరికి దూరం, బుకోంలో పనిచేసేవాడికి కాదు. రంగూన్ సంగతీ అంతే. శుద్ధి కర్మాగారం నగరానికి అవతల, నది దాటి సిరియంలో ఉండేది. అక్కడ పనిచేసిన భారతీయ కూలీల్లో కాకినాడ, విశాఖ, బారువ రేవుల నుంచి పొగ ఓడలెక్కి పోయిన మనవాళ్లు ఎందరో. రంగూన్ రేవులోనైతే మోతపని చాలాకాలం తెలుగు కూలీల చేతుల మీదే నడిచింది. వాళ్లను అక్కడ కోరంగీలని పిలిచేవారు. కోరంగి రేవు పేరే మనుషుల పేరైపోయింది. నగరానికి నది అడ్డు పెట్టిన నియమం, నదికి ఆవలి ఒడ్డున ఉన్నవాడి గురించి ఏం చెప్పింది?

చట్టాల్లోనే వెతికాను. మన రేవులను నూరేళ్లకు పైగా పాలించింది 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం. దాని స్థానంలో 2025లో గాని కొత్తది రాలేదు. పాత చట్టం చదువుతుంటే చెక్క ఓడల కాలం కళ్లకు కడుతుంది. రేవులో ఓడ మీద తారు, గుగ్గిలం కాచకూడదు, మూతలేని దీపం వెలుగులో పీపాల్లోంచి సారా తియ్యకూడదు, ఊరికే తుపాకులు పేల్చకూడదు. ఆ తరం భయాలన్నీ వరసగా అక్కడ ఉన్నాయి. నియమాలు చేసే అధికారం ఇచ్చే సెక్షన్‌లో, ఓడలకు ద్రవ ఇంధనం నింపడాన్ని క్రమబద్ధం చేయవచ్చునని ఒక అంశం కనిపిస్తుంది. ఆ పనికి ఎలాంటి బార్జీలు (ఓడ పక్కకు చమురు తెచ్చే పడవలు), ఎలాంటి పైపులైన్లు, ఎలాంటి ట్యాంకు బండ్లు వాడాలో నిర్ణయించవచ్చునని కూడా ఉంది. బార్జి ఉంది, పైపు ఉంది, బండి ఉంది. ఆ పైపు బిగించే మనిషికి ఏం తెలిసి ఉండాలి, అతనితో ఏ భాషలో మాట్లాడాలి, ఎన్ని గంటలు నిలబెట్టాలి అన్న ఊసు ఆ అంశంలో లేదు.

ఇంతకంటే సూటిగా మాట్లాడే సాక్ష్యం 1934లో ఉంది. ఆ ఒక్క సంవత్సరంలో కేంద్ర శాసనసభ రెండు చట్టాలు చేసింది. ఒకటి పైన చెప్పిన పెట్రోలియం చట్టం, రెండోది రేవు కూలీలను ప్రమాదాల నుంచి కాపాడడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాన్ని అనుసరించి చేసిన ఇండియన్ డాక్ లేబరర్స్ చట్టం. ఓడలోకి సరుకు ఎక్కించడమే కాదు, ఇంధనం ఎక్కించడం కూడా ఈ రెండో చట్టం కిందికి వస్తుంది. అంటే గొట్టం దగ్గరి మనిషికి మొట్టమొదటిసారిగా ఒక చట్టంలో చోటు దొరికింది. పెట్రోలియం చట్టం 1937 నాటికి తన నియమావళితో సహా అమలులోకి వచ్చేసింది. కూలీల చట్టం మాత్రం దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో గాని అమలు కాలేదు. పద్నాలుగేళ్లు! కవలల్లో ఒకడికి మూడేళ్లకే నడక వస్తే, రెండోవాడు పద్నాలుగేళ్లు మంచం దిగలేదు. చమురు తొందర చమురుది.

‘యుద్ధం వచ్చింది కదా’ అని ఎవరైనా అనవచ్చు. యుద్ధం రాకముందే అయిదేళ్లు గడిచాయని నా జవాబు. అయినా యుద్ధం సంగతి వచ్చింది గనక బొంబాయి మాట చెప్పాలి. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయింది. దాని కడుపులో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలతో పాటు పత్తి బేళ్లు, కందెన చమురు పీపాలు ఉన్నాయి. ప్రమాదకరమైన సరుకున్న ఓడ ఎర్ర జెండా ఎగరేయాలన్నది రేవుల్లో అప్పటికే స్థిరపడిన ఆచారం. ఆ ఓడ మీద జెండా లేదు. మంటలార్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బందిలో 66 మంది అక్కడే ప్రాణాలు విడిచారు. ఇప్పటికీ మనం అగ్నిమాపక వారోత్సవాలను ఏప్రిల్ 14నే మొదలుపెట్టేది వాళ్ల జ్ఞాపకంగానే. ఇంధనం నింపుతున్న ఓడ ఈనాటికీ పగలు ఎర్ర జెండా, రాత్రి ఎర్ర దీపం పెడుతుంది. ఆ జెండా పక్కనున్న ఓడకు, ఒడ్డున ఉన్న అధికారికి ఏదో చెబుతుంది. జెండా కిందనే గొట్టం పట్టుకున్నవాడు తల పైకెత్తి చూస్తే గాని అది అతనికి కనిపించదు, కనిపించినా ఇప్పుడేం చేయాలో చెప్పదు.

ఇక నా అనుభవం ఒకటి చెబుతాను. అప్పుడు నేను ఫోర్త్ ఇంజినీరును. సింగపూర్ తూర్పు లంగరుబారులో, అర్ధరాత్రి దాటాక, బార్జి పక్కకు వచ్చి కట్టుకుంది. డెక్ మీది నీళ్లు బయటికిపోయే స్కప్పర్లన్నీ బిగించాం, గొట్టం ఓడకు బిగించే మానిఫోల్డ్ కింద ట్రే ఖాళీగా ఉందో లేదో చూశాం, రంపపు పొట్టు బస్తాలు తెచ్చి పెట్టుకున్నాం. గంటకు ఎంత పంపాలి, ఆపమంటే ఎలా ఆపాలి అన్నవన్నీ ఫారంలో రాసి రెండు వైపులా సంతకాలు చేశాం. ఫారం ప్రకారం ఉమ్మడి భాష ఇంగ్లిషు. బార్జి పంపు దగ్గర ఉన్న మనిషి ఇంగ్లిషు నాకు అర్థం కాలేదు, నాది అతనికి అర్థమైందని చెప్పలేను. చిరునవ్వులు మార్చుకుని పంపు మొదలుపెట్టాం.

నాతో ఉన్న ఆయిలర్, అంటే ఇంజిన్ గది పనివాడు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. డ్యూటీలో ఆయన నన్ను సార్ అనేవాడు, నేను బాబాయ్ అనేవాణ్ని. నేను సౌండింగ్ టేపు దించి, ఇత్తడి గుండు అడుక్కి తగిలాక పైకి లాగి, టార్చి వెలుగులో చమురు తడి చూసి పట్టికలో లెక్క చూసుకుంటున్నాను. లెక్క ప్రకారం ట్యాంకులో ఇంకా బోలెడంత ఖాళీ ఉంది. బాబాయ్ ట్యాంకు వెంట్ పైపు దగ్గర చెవి పెట్టి నిలబడ్డాడు. ట్యాంకు నిండుతుంటే లోపలి గాలి ఆ పైపులోంచి బయటికి వస్తూ సన్నగా ఈల వేస్తుంది. ఉన్నట్టుండి ఆయన నా వైపు తిరిగి, ‘సారూ, గొట్టం ఊపిరి మారిపోనాది’ అన్నాడు.

నేను రేడియోలో ఆపమని అరిచాను. అవతల నుంచి ఏదో జవాబు వచ్చింది, పంపు ఆగలేదు. నా చెయ్యి మానిఫోల్డ్ వాల్వ్ మీదికి పోయింది. ఆ క్షణంలో ఎవడి చెయ్యైనా అక్కడికే పోతుంది. పంపు నడుస్తుండగా ఓడ వైపు వాల్వ్ మూసేస్తే ఆ ఒత్తిడంతా గొట్టం మీద పడుతుంది. గొట్టం చీలితే వేడి చమురు మనుషుల మీద, సముద్రం మీద చిమ్ముతుంది. బాబాయ్ నా చెయ్యి తోసేసి, ముందు పక్క ట్యాంకు వాల్వ్ తెరిచి చమురుకు దారి ఇచ్చి, తరవాత రెయిలింగ్ దగ్గరికి పరుగెత్తి టార్చిని అడ్డంగా ఊపాడు. అప్పటికి బార్జి మీది మనిషికి అర్థమైంది. వెంట్ నోటి నుంచి పొంగిన చమురు కింద ట్రేలో పడింది. రెండు మూడు బకెట్లు. సముద్రంలోకి ఒక్క చుక్క పోలేదు. చమురులో గాలి కలిసి నురగలా వచ్చిందని, అందుకే నా టేపు చెప్పిన లెక్కకూ లోపల జరుగుతున్నదానికీ పొంతన లేకపోయిందని తరవాత తేలింది.

ఆ రాత్రి మాకు వచ్చిన చమురు నమూనా పరీక్షలో నిక్షేపంగా ఉంది. ఫ్లాష్ పాయింట్ ఇప్పటి అంతర్జాతీయ నిబంధన కోరే 60 డిగ్రీల సెల్సియస్‌కు పైనే. ఏబెల్ గిన్నె వారసులు చెప్పాల్సింది చెప్పారు, అది మా రాత్రికి పనికిరాలేదు.

ఫ్లాష్ పాయింట్ పరీక్ష దండగ అని నేననడం లేదు. నూట యాభై ఏళ్లలో దానికంటే చవకైన, నమ్మదగిన కొలబద్ద దొరకలేదు. కానీ అది గిన్నెలోని చమురు గురించి చెబుతుంది, ట్యాంకులో చమురు పైన ఉన్న గాలి గురించి కాదు. పంపు చేయడానికి వీలుగా వేడిచేసిన చిక్కటి చమురు నుంచి తేలికపాటి ఆవిరులు విడివడి పైన పోగవుతాయి. పరీక్షలో నెగ్గిన చమురు ఉన్న ట్యాంకులో కూడా ఆ గాలి అంటుకునే స్థాయికి చేరువ కావచ్చు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకుకు భయపడమని ఓడల్లో పాతవాళ్లు చెప్పేది ఇందుకే. దీని ధర ఎంతో సింగపూర్‌కు 1978 అక్టోబరు 12న తెలిసింది. జురాంగ్ షిప్‌యార్డ్‌లో మరమ్మతుకు వచ్చిన స్పైరోస్ అనే గ్రీకు ట్యాంకర్‌లో, మధ్యాహ్న భోజనాల తరవాత కార్మికులు పనిలోకి దిగిన కాసేపటికి పేలుడు సంభవించి 76 మంది చనిపోయారు. ఓడ సొంత ఇంధన ట్యాంకులోని చమురులో ముడి చమురు కలిసి ఉందని, ఆ ఆవిరికి గ్యాస్ కటింగ్ మంట తగిలిందని విచారణలో తేలింది. అంటుకోదని అందరూ నమ్మిన ట్యాంకే అంటుకుంది. వలస పాలన ముగిసి అప్పటికి చాలా ఏళ్లయింది గాని, ‘ఇంధన చమురు ప్రమాదకరం కాదు’ అనే దాని వారసత్వపు నమ్మకం ఎక్కడికీ పోలేదు.

ఓడా బార్జీ కలిసి కూర్చుని అడగాల్సిన ప్రశ్నల పట్టికలు మాకు ఇప్పుడున్నాయి. చమురు ట్యాంకర్ల భద్రతకు అంతర్జాతీయ మార్గదర్శిక మొదటి కూర్పు కూడా ఆ 1978లోనే వచ్చింది. ఉమ్మడి భాష ఉందా, అత్యవసరంగా ఆపే సంకేతం ఇద్దరికీ తెలుసా, కాపలా ఎవరు అనేవి ఆ పట్టికల్లో ఉంటాయి. ఏబెల్ గిన్నె తరవాత మనిషి దాకా రావడానికి నూరేళ్లు పట్టిందన్నమాట. అయితే ఆ గళ్లు ఎలా నిండుతాయో నాకు తెలుసు. బార్జి ఇంకా మైలు దూరంలో ఉండగానే సగం టిక్కులు పడిపోయి ఉంటాయి. ఆ తరవాతి ఓడల్లో నేను పెట్టుకున్న అలవాటు ఒకటే: గొట్టం బిగించే ముందు మా ఆయిలర్‌నూ, బార్జి పంపు మనిషినీ రెయిలింగ్‌కు అటూ ఇటూ నిలబెట్టి, ఆపమని ఒకసారి టార్చితో చూపించమంటాను, అవతలివాడు పంపు ఆపే స్విచ్ మీద చెయ్యి పెట్టి చూపించాలి. రెండు నిమిషాల పని. దీనికి ఏ ఫారంలోనూ గడి లేదు. నవ్విన చీఫ్ ఇంజినీర్లూ ఉన్నారు.

ఆ రాత్రి తెల్లవారేసరికి ట్రేలోని చమురు తోడి, పొట్టు చల్లి, డెక్ తుడిచి రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. సమయం, ట్యాంకు నంబరు, పంపు వేగం, పొంగిన చమురు ఎన్ని లీటర్లు, తెరిచిన వాల్వ్ ఏది, అన్నీ రాశాను. ‘సకాలంలో తగిన చర్య తీసుకోబడింది’ అని ముగించి సంతకం చేశాను. బాబాయ్ నాకు టీ తెచ్చిచ్చి, భుజం మీదుగా కాగితం వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ రిపోర్టు నకలు ఇంకా నా దగ్గరుంది. అందులో ఆయన పేరు లేదు.